కచేరీకి వెళ్ళేటప్పుడు తుపాకీని ఏం చేస్తున్నారు?

ఫ్రిస్కో_గురికాడు
డల్లాస్ చుట్టుపక్కల వేసవి వచ్చిందంటే శనివారం సాయంత్రం ఎక్కడో ఒకచోట ఆరుబయట కచేరీ ఉంటుంది. ఒక వారం కంట్రీ సంగీతం అయితే మరో వారం మన సినీ సంగీత దర్శకుల విభావరి. నాకు రెండూ ఇష్టమే. టెక్సస్‌లో తుపాకీ వెంట ఉంచుకునే లైసెన్సు నాకు ఉంది, కిరాణా దుకాణానికి వెళ్ళినా నడుముకు పిస్టల్ ఉంటుంది. కచేరీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం గేటులో మెటల్ డిటెక్టరు, పక్కనే నిషేధపు బోర్డు కనిపిస్తాయి కాబట్టి ఆయుధాన్ని కారులో వదిలి వెళ్ళవలసి వస్తోంది. ఈమధ్య ఒక కచేరీ ముగించుకుని వచ్చేసరికి నా పక్కన నిలిపిన బండి అద్దం పగిలి ఉంది. నా బండి జోలికి ఎవరూ రాలేదు గానీ, అందులోది పోయి ఉంటే ఎవరి చేతిలో తేలేదో అన్న దిగులు నన్ను ఇంకా వదలలేదు. బయటే పెట్టి రమ్మనే నిర్వాహకులు దాచుకోవడానికి ఒక లాకరైనా ఎందుకు ఏర్పాటు చేయరు? 2017 నాటి లాస్ వేగస్ కచేరీ కాల్పుల ఘటన తరువాత కూడా, లైసెన్సు ఉన్నవాడు వేలమంది గుమిగూడే చోటికి ఖాళీ చేతులతో వెళ్ళవలసి రావడం సబబేనా? మీరందరూ ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని ఉంది.

కంట్రీ_కామేశ్వరి
నేను ఇంట్లో సేఫ్‌లో పెట్టి, తాళం వేసి, ఆ తరువాతే బయలుదేరుతాను. కారు సేఫ్ కాదు.

లాస్ వేగస్ పేరు ఎత్తారు కాబట్టి అక్కడ ఏం జరిగిందో వివరంగా చూద్దాం. 2017 అక్టోబరు 1 రాత్రి రూట్ 91 హార్వెస్ట్ ఉత్సవంలో జేసన్ ఆల్డీన్ పాడుతుండగా, మాండలే బే హోటల్ 32వ అంతస్తు కిటికీల నుంచి ఒక వ్యక్తి సుమారు 22 వేల మంది ఉన్న మైదానం మీదికి దాదాపు పది నిమిషాలపాటు వెయ్యికి పైగా తూటాలు కాల్చాడు. మొదట 58 మంది మరణించారన్నారు, గాయాలతో ఆ తరువాత పోయిన ఇద్దరిని కూడా కలుపుకొని ఇప్పుడు 60 అని లెక్క. హోటలుకూ మైదానానికీ మధ్య దూరం 400 మీటర్ల పైమాటే. చీకట్లో, పరుగులు తీస్తున్న జనం మధ్య నిలబడి, ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియని తూటాలకు మీ నడుము పిస్టల్ ఏ జవాబు చెబుతుంది?

అదే ఉత్సవంలో అంతకుముందు వాయించిన జోష్ ఆబట్ బ్యాండ్ గిటారిస్టు కేలబ్ కీటర్ టెక్సస్ వాడే, జీవితమంతా తుపాకీ హక్కులను సమర్థించినవాడే. తమ సిబ్బందిలో లైసెన్సు ఉన్నవాళ్ళు ఉన్నారనీ, బస్సులో తుపాకులు కూడా ఉన్నాయనీ, పోలీసులు తమనే హంతకులనుకుని కాల్చేస్తారన్న భయంతో వాటిని ముట్టుకోలేకపోయామనీ మర్నాడు ఆయన బహిరంగంగా రాశాడు. తన అభిప్రాయం మారిందని కూడా చెప్పాడు. మన సమూహంలో చాలామంది ఆయన్ని తిట్టారు గానీ, ఆయన చెప్పిన పరిస్థితికి సమాధానం చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు.

రాయలసీమ_రైఫిల్
కామేశ్వరి గారి మాటతో నేను ఏకీభవించను. 32వ అంతస్తు నుంచి జరిగిన దాడిని పిస్టల్ ఆపలేదన్నది నిజమే, అయితే ఆ ఒక్క ఘటననే అన్ని కచేరీలకూ కొలబద్ద చేసుకోవడం న్యాయం కాదు. నా భయం వేదిక ముందు ఏదో జరుగుతుందని కాదు. అర్ధరాత్రి పదకొండున్నరకు, దీపాలు సరిగా లేని పార్కింగు మైదానంలో, భార్యాపిల్లలతో కలిసి కారు వెతుక్కుంటూ నడిచే ఆ పావుగంట గురించే నా భయం. గేటు లోపల భద్రత బాధ్యత తీసుకున్న నిర్వాహకులు గేటు బయట ఆ బాధ్యతను ఎవరికి అప్పగిస్తున్నారు?

బోర్డు_చదివినవాడు
టెక్సస్ సోదరులకు ఒక వివరం. గేటు దగ్గర కనిపించే బోర్డులన్నీ ఒకటి కావు. 30.06 అన్న అంకె ఉంటే లైసెన్సుదారు దాచి ఉంచుకున్న తుపాకీకి నిషేధం, 30.07 ఉంటే పైకి కనిపించేలా ధరించడానికి నిషేధం, 30.05 లైసెన్సు లేకుండా ధరించేవారికి వర్తిస్తుంది. 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవారికి లైసెన్సు అవసరం లేదన్న చట్టం అమలులోకి వచ్చింది కనుక ఈ మూడవ బోర్డుకు ప్రాముఖ్యం పెరిగింది. వీటికంటే ముఖ్యమైనది ఎర్ర అక్షరాలతో 51 శాతం అని ఉండే బోర్డు. ఆదాయంలో సగానికి మించి అక్కడే తాగే మద్యం నుంచి వచ్చే చోట అది పెడతారు. ఆస్టిన్‌లో బ్యాండ్లు వాయించే బార్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. మొదటి రకం బోర్డును దాటితే, వెళ్ళిపొమ్మన్నప్పుడు వెళ్ళిపోయినవాడికి జరిమానాతో పోతుంది. ఎర్ర బోర్డును దాటితే విషయం జైలు దాకా వెళుతుంది.

అట్లాంటా_అల్లుడు
టెక్సస్‌లో మైదానం ప్రైవేటుది కాబట్టి యజమాని బోర్డు చెల్లుతుంది. మా జార్జియాలో కథ వేరు. అట్లాంటా నగరం నడిబొడ్డున పీడ్‌మాంట్ పార్కులో జరిగే మ్యూజిక్ మిడ్‌టౌన్ ఉత్సవాన్ని 2022 సెప్టెంబరులో జరపవలసి ఉండగా, ఆగస్టు మొదట్లోనే రద్దు చేశారు. నిర్వాహకులు తమ చేతుల్లో లేని కారణాలు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. అసలు కారణం తుపాకీ చట్టమేనని పత్రికలన్నీ రాశాయి. 2014లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రభుత్వ స్థలాల్లోకి ఆయుధాలతో వెళ్ళే హక్కును విస్తరించింది. ప్రభుత్వ భూమిని లీజుకు తీసుకున్న సంస్థ తుపాకులను ఎప్పుడు నిషేధించగలదో, ఎప్పుడు నిషేధించలేదో 2019లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ లెక్కన కొన్ని రోజుల కోసం పార్కును అద్దెకు తీసుకునే ఉత్సవం వాళ్ళకు నిషేధం పెట్టే అధికారం లేదని తుపాకీ హక్కుల వాళ్ళు వాదించారు. అటువైపు పెద్ద కళాకారుల ఒప్పందాల్లోనేమో ప్రాంగణంలో ఆయుధాలు ఉండరాదన్న షరతు ఉంటుంది. వచ్చే ప్రేక్షకుణ్ణి ఆపే వీలు లేదు, ఆపకపోతే పాడేవాడు రాడు.

అంటే మన హక్కు గెలిచింది, మనం టిక్కెట్టు కొనుక్కున్న కచేరీ పోయింది. ఆ సంవత్సరం నేను సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

గజ్జెల_గన్నయ్య
ఆ ఉత్సవం 2023లో తిరిగి మొదలైనప్పుడు ముఖ్య ఆకర్షణల్లో ఒకటి గన్స్ ఎన్ రోజెస్ బృందం. చట్టం సంగతి ఏమైనా, పేరులోనైనా తుపాకీ లోపలికి వెళ్ళింది.

అట్లాంటా_అల్లుడు
గన్నయ్య గారూ, రోజాలను కూడా గేటు దగ్గర వెతికి పంపించారు.

హెచ్1బీ_ఏకలవ్య
ఒక సందేహం. నేను ఇంకా వీసా మీదే ఉన్నాను. స్నేహితుడు తన పిస్టల్ నాకు ఇచ్చి, నువ్వు పాట వినే మనిషివి కాదు కదా, కచేరీ అయ్యేదాకా నీ కారులో ఉంచు అంటున్నాడు. ఉంచవచ్చునా?

బోర్డు_చదివినవాడు
దయచేసి ఆ పని చేయకండి. హెచ్1బీ లాంటి తాత్కాలిక (నాన్ ఇమిగ్రెంట్) వీసాల మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండడం వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. తుపాకీ మీ పేరు మీద లేకపోయినా, మీ అధీనంలో ఉంటే చాలు. దాని ఫలితం నేర శిక్షతో ఆగదు, దేశంలో ఉండడానికే ముప్పు వస్తుంది. మన కుర్రాళ్ళు చాలామంది ఈ సంగతి తెలియకుండానే స్నేహితుల వెంట రేంజ్‌కు, అంటే తుపాకీ గురి సాధన చేసే చోటుకు, వెళుతున్నారు. వెళ్ళే ముందు ఒక న్యాయవాదిని అడగడం మంచిది.

ఫ్రిస్కో_గురికాడు
కామేశ్వరి గారూ, ఇంట్లో వదిలి వెళ్ళడం తేలికే. నన్ను బాధపెట్టేది మరొకటి. ఒకప్పుడు కంట్రీ గాయకులు మన మనుషులన్న భావన ఉండేది. వేటకు వెళ్ళేవాళ్ళు, రైఫిల్ పట్టినవాళ్ళు, మన రేంజ్‌ల విరాళాల కార్యక్రమాల్లో పాడేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు కూడా మొహం చాటేస్తున్నారు. 2022 మే నెలలో హ్యూస్టన్‌లో తుపాకీ హక్కుల సంస్థ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వార్షిక సభకు కచేరీ పెట్టుకుంటే, డాన్ మక్లీన్, లీ గ్రీన్‌వుడ్, లారీ గాట్లిన్, ఇంకా కొందరు వరుసగా తప్పుకున్నారు.

కంట్రీ_కామేశ్వరి
ఎందుకు తప్పుకున్నారో కూడా రాయండి. ఆ సభ మొదలు కావడానికి మూడు రోజుల ముందు, అదే రాష్ట్రంలో, యువాల్డీ పాఠశాలలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. ఇంకా అంత్యక్రియలు కాని ఇంటి పక్కన ఎవరైనా మేళం పెట్టించుకుంటారా? వారిలో కొందరు తుపాకీ హక్కులను వదులుకోలేదు, ఆ వారం పాడలేమన్నారు, అంతే. దాన్ని ద్రోహంగా చూడడం నాకు అర్థం కాదు.

రాయలసీమ_రైఫిల్
ఈ విషయంలో మాత్రం కామేశ్వరి గారితో ఏకీభవిస్తాను. అయినా ఒకప్పుడు అందరూ మనవాళ్ళే అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. దక్షిణాది రాక్‌కు మకుటం లాంటి లినర్డ్ స్కినర్డ్ బృందం 1975లోనే చవక చేతి తుపాకుల మీద పాట కట్టి, వాటిని సముద్రం అడుగున పారేద్దామని పాడింది. ఆ పాటను మన రేంజ్ పార్టీలో స్పీకరు మీద వేస్తే అందరూ తలలు ఊపుతూ పాడతారు. మాటలు వినేవాడు ఒక్కడూ ఉండడు. ఇంకోవైపు టెడ్ న్యూజెంట్ లాంటి గిటారిస్టు ఏళ్ళ తరబడి అదే రైఫిల్ అసోసియేషన్ బోర్డులో ఉండేవాడు. కంట్రీ అయినా రాక్ అయినా ఎప్పుడూ ఒకే గొంతుతో మాట్లాడలేదు.

చెవుల_డాక్టరమ్మ
నేను వృత్తిరీత్యా ఆడియాలజిస్టును. వారాంతాల్లో క్లే షూటింగ్ (గాలిలోకి ఎగరేసిన మట్టి బిళ్ళలను కాల్చే ఆట) చేస్తాను. పై చర్చ అంతా చదివాక నాకు ఒక విషయం విచిత్రంగా అనిపించింది. కచేరీలో ఎవడో కాల్పులు జరుపుతాడన్న భయం మీద ఇన్ని మాటలు వచ్చాయి గానీ, కచేరీకి వెళ్ళిన ప్రతిసారీ అందరికీ తప్పక జరిగే హాని గురించి ఒక్క వాక్యం లేదు. రేంజ్‌లో చెవులను కప్పే ఇయర్ మఫ్స్ లేకుండా గీత దాటినవాణ్ణి అందరూ కలిసి తరిమేస్తారు. అదే మనుషులు సాయంత్రం స్పీకర్ల గోడ ముందు ఉత్త చెవులతో మూడు గంటలు నిలబడతారు.

లెక్కలు చెబుతాను. 85 డెసిబెళ్ళ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చునని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ అంటుంది. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్ళకు సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబెళ్ళ దగ్గర మిగిలేది 15 నిమిషాలు, 106 దగ్గర నాలుగు నిమిషాల లోపే. రాక్ కచేరీలో ముందు వరుసల దగ్గర ఈ రెండో అంకె మామూలే. ప్రేక్షక స్థలాల్లో పావుగంట సగటు 100 డెసిబెళ్ళు దాటకూడదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రమాణం ఇచ్చింది. తుపాకీ శబ్దం వేరే జాతిది. 22 క్యాలిబర్ రైఫిల్ 140 దగ్గర ఉంటే, 9 మిల్లీమీటర్ల పిస్టల్, ఏఆర్ రైఫిల్ 155 నుంచి 165 దాకా వెళతాయి. అయితే అది రెప్పపాటులో ముగుస్తుంది, కచేరీ మాత్రం గంటల తరబడి సాగుతుంది. దారులు వేరైనా రెండూ వెళ్ళి తగిలేది లోపలి చెవిలోని అవే రోమ కణాలకు, అవి ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు.

కచేరీ మర్నాడు ఉదయం చెవులు దూది పెట్టినట్టు మందంగా, లోపల ఈల వేస్తున్నట్టు ఉంటాయి కదా. ఆ స్థితిలో ఉన్న చెవులతో ఆదివారం రేంజ్‌కు వెళ్ళేవాళ్ళను చాలామందిని చూశాను. అవి కోలుకోకముందే రెండో దెబ్బ తగులుతుంది. శనివారం పాట, ఆదివారం తూటా అన్న ఈ వరుసనైనా మార్చుకోండి.

నిశ్శబ్దం_308
డాక్టరమ్మ గారు చెప్పినది అక్షరాలా నిజం. రైఫిల్ కాల్చే కుడిచేతివాళ్ళకు ఎడమ చెవి ముందు పోతుందని నాకు పరీక్ష చేసిన వైద్యుడు చెప్పాడు. కుడి చెవి వెనక్కి ఉండి తల నీడలో ఉంటుంది, ఎడమది గొట్టం వైపు తిరిగి ఉంటుంది.

చెవుల_డాక్టరమ్మ
అవును. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ వాయించేవారికి కూడా ఎడమ చెవే ముందు దెబ్బ తింటుంది, ఎందుకంటే వాద్యం ఎడమ దవడ కింద ఉంటుంది. నా దగ్గరకు ఒకే వారంలో ఒక వయొలిన్ విద్వాంసురాలు, ఒక జింకల వేటగాడు వచ్చారు. పేర్లు తీసేసి వాళ్ళ వినికిడి పటాలు రెండూ పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో చెప్పడం నాకే కష్టం. ఇద్దరికీ 4 వేల హెర్ట్జ్ దగ్గర అదే లోయ.

గజ్జెల_గన్నయ్య
అయితే మా ఆవిడ మాట నాకు వినిపించకపోవడానికి తుపాకీని నిందించాలా, గిటారునా?

చెవుల_డాక్టరమ్మ
పరీక్ష చేయించుకుని రండి, నింద ఎవరి మీద వేయాలో అప్పుడు చూద్దాం. ముందుగా పోయేది పై స్థాయి శ్రుతులు కాబట్టి స్త్రీల, పిల్లల గొంతులు, స, శ, ష లాంటి హల్లులే మొదట జారిపోతాయి. సాకు మీకు దొరికినట్టే గానీ, అది నిజం కూడా కావచ్చు.

నిశ్శబ్దం_308
ఇక్కడ తుపాకీ మోత తగ్గించే సప్రెసర్ల (సైలెన్సర్ల) మాట రాకుండా ఎలా ఉంటుంది? 1909లో తుపాకీ సైలెన్సరుకు పేటెంటు తీసుకున్నది హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఆయన తండ్రి మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్, తన తుపాకుల మోతకే చెవులు పోగొట్టుకున్నాడు. తండ్రి మోత కనిపెడితే కొడుకు దాన్ని తగ్గించేది కనిపెట్టాడు. 1934 చట్టం దానిమీద 200 డాలర్ల పన్ను వేసింది, అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది, రిజిస్ట్రేషను, దరఖాస్తు, వేలిముద్రలు మాత్రం అలాగే ఉన్నాయి. సినిమాలో చూపించినట్టు అది తుపాకీని గుసగుసగా మార్చదు. శబ్దాన్ని ఇరవై, ముప్పై డెసిబెళ్ళు తగ్గిస్తుంది, శబ్దవేగం దాటిన తూటా పగులు శబ్దం దారి పొడవునా ఉండనే ఉంటుంది. అది ఉంటే మఫ్స్ పెట్టుకోనక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

డప్పు_సాంబయ్య
ఫిరంగులే వాద్యాలైన సంగీతం కూడా ఉందని మరచిపోతున్నారు. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ 1812లో నెపోలియన్ మీద రష్యా విజయం గురించి రాసిన సంగీతంలో 16 ఫిరంగి దెబ్బలను స్వరాల మధ్యే రాసి పెట్టాడు. బోస్టన్‌లో జులై 4న పాప్స్ వాద్యబృందం దాన్ని వాయించేటప్పుడు నేషనల్ గార్డ్ వాళ్ళు నిజమైన హోవిట్జర్లు పేలుస్తారు. నది ఒడ్డున నిలబడి విన్నాను. సంగీతం, బారూదు ఒకే తాళంలో కలవడం చూడాలంటే అంతకు మించిన చోటు లేదు. తూటా ఉండదు, మందు మాత్రమే పేలుతుంది కనుక చట్టం బాధ కూడా లేదు.

పది_మీటర్లు
అమెరికా వాళ్ళ చర్చలో హైదరాబాదు నుంచి దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, పైన వచ్చిన 140 అన్న అంకె చూసి ఆగలేకపోయాను. 2024 నవంబరు 15న హైదరాబాదులో పంజాబీ గాయకుడు దిల్జిత్ దోసాంజ్ కచేరీ జరిగింది. అంతకుముందు తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారి పేరుతో ఒక నోటీసు వెళ్ళింది. మద్యం, మాదకద్రవ్యాలు, హింసలను ప్రోత్సహించే పాటలు పాడరాదన్న మాటే వార్తల్లోకి ఎక్కింది. పిల్లలను వేదిక మీదికి తీసుకురావద్దని కూడా అందులో ఉంది. దానికి చూపిన కారణం, శబ్ద శిఖరం పెద్దవారికి 140 డెసిబెళ్ళు, పిల్లలకు 120 మించకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. టీవీ చర్చల్లో అందరూ పాటల్లోని మాటల మీద కొట్టుకున్నారు గానీ, ఆ అంకెను ఎవరూ పట్టించుకోలేదు. మా రేంజ్‌లో మాత్రం ఒకటే నవ్వు, ఎందుకంటే 140 అంటే మాకు 22 రైఫిల్ పేలిన చప్పుడు. కచేరీలో అది వినిపిస్తే పాట ఆగిపోతుంది.

చెవుల_డాక్టరమ్మ
ఆ నోటీసు రాసిన అధికారి ఉద్దేశం మంచిదే. అయితే శిఖరం పరిమితి పేలుళ్ళకూ సుత్తి దెబ్బలకూ పనికి వచ్చేది. కచేరీకి కావలసినది పైన చెప్పిన సగటు పరిమితి. 139 డెసిబెళ్ళ శిఖరాలతో, 108 సగటుతో ఒక కచేరీ పెద్దవారికి ఆ నోటీసు పెట్టిన పరిమితిని అక్షరాలా పాటిస్తూనే వాళ్ళ చెవులు పాడుచేయగలదు.

రాయలసీమ_రైఫిల్
మాటలను నిషేధించడం వల్ల ఏం ఒరుగుతుంది? పంజాబు ప్రభుత్వం 2022 నవంబరులో ఆయుధాలను కీర్తించే పాటలనూ, బహిరంగంగా ఆయుధ ప్రదర్శననూ నిషేధించింది. అదే ఏడాది మే నెలలో గాయకుడు సిద్ధూ మూసేవాలాను తుపాకులతో చంపారు. ఆయన పాటల్లో తుపాకులు ఉన్న మాట నిజమే, చంపినవాళ్ళకు మాత్రం తుపాకులు పాటల నుంచి రాలేదు కదా.

పది_మీటర్లు
పాట సంగతి నాకు తెలియదు, పెళ్ళి ఊరేగింపులో బ్యాండు వాయిస్తుండగా గాలిలోకి కాల్చే అలవాటును మాత్రం చట్టం పట్టుకోవలసిందే. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చేవారికి రెండేళ్ళ దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ విధించే వీలు కల్పించారు. ఉత్తరాదిలో వేదిక మీద ఆడుతున్నవాళ్ళు, పాడుతున్నవాళ్ళు ఆ తూటాలకు పోయిన సంఘటనలు ఉన్నాయి. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగక తప్పదు. దీన్ని సంస్కృతి అని సమర్థించేవాడు షూటరు కాడు.

రాయలసీమ_రైఫిల్
ఆ విషయంలో మరో మాట లేదు. నేను మాట్లాడింది పాట గురించే.

ఫ్రిస్కో_గురికాడు
పది మీటర్ల గారూ, మీ పోటీల్లోనే సంగీతం పెడతారని విన్నాను. నిజమేనా? గురి చూసేటప్పుడు పాట ఎలా భరిస్తారు?

పది_మీటర్లు
నిజమే. పాతకాలంలో షూటింగు హాలులో ప్రేక్షకుడు దగ్గినా తల తిప్పి చూసేవాళ్ళు. అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఫైనల్స్ పద్ధతిని మార్చి, అందరి స్కోరునూ సున్నా నుంచి మొదలుపెట్టించింది. దానితోపాటే వ్యాఖ్యానం, చప్పట్లు, సంగీతం వచ్చాయి. టీవీ ప్రేక్షకులు కావాలంటే తప్పదన్నారు. మా షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినప్పటి హాలుకూ, ఇప్పుడు ఈషా సింగ్ లాంటి పిల్లలు నిలబడే హాలుకూ ఎంతో తేడా ఉంది.

మొదట్లో నాకు నచ్చలేదు. ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ నొక్కడం ఊపిరితో, గుండె చప్పుడుతో ముడిపడి ఉంటుంది. బయట ఒక తాళం గట్టిగా మోగుతుంటే వేలు తెలియకుండానే ఆ దెబ్బకు నొక్కేస్తుంది. అందుకే సాధనలో మా కోచ్ స్పీకరు పెట్టి, ఒక రోజు తీన్‌మార్, ఒక రోజు భజన, ఒక రోజు ఏదో క్రికెట్ వ్యాఖ్యానం వేస్తారు. పాటను వినకుండా ఉండాలని ప్రయత్నిస్తే ఓడిపోతాం. విననిచ్చి, దాన్ని పక్క గదిలో మోగుతున్నట్టు వదిలేయడం నేర్చుకోవాలి. పైగా మేము పెట్టుకునే చెవి రక్షణలో శబ్దాన్ని అందుకునే ఏ పరికరమూ ఉండరాదన్న నియమం ఉంది కాబట్టి, నాకు నచ్చిన పాట పెట్టుకునే వీలూ లేదు. నిర్వాహకులు ఏది వేస్తే అదే.

డప్పు_సాంబయ్య
తీన్‌మార్ మోగుతుంటే కాలు కదలకుండా నిలబడి పది పాయింట్లు కొట్టేవాడికి రెండు పతకాలు ఇవ్వాలి.

కంట్రీ_కామేశ్వరి
అసలు ప్రశ్నకు వస్తే, లాకర్ల విషయంలో ఫ్రిస్కో గారి మాటతో నాకు పేచీ లేదు. కోర్టు భవనాల దగ్గర, కొన్ని కార్యాలయాల దగ్గర ఆయుధ లాకర్లు ఉన్నాయి కనుక అది అసాధ్యమైన కోరిక కాదు. అయితే మద్యం అమ్మే మైదానం బయట, అర్ధరాత్రి, వేలమంది ఒకేసారి బయటికి వస్తున్నప్పుడు, తూలుతున్నవాళ్ళకు తుపాకులు తిరిగి అందించే ఉద్యోగం ఎవరు చేస్తారు? ఆ బాధ్యతకు బీమా ఎవరు ఇస్తారు? నిర్వాహకుల స్థానంలో నేనున్నా ఒప్పుకోను. తప్పనిసరిగా కారులోనే ఉంచవలసి వస్తే సీటు కింద, గ్లౌ బాక్సులో కాకుండా, ఉక్కు తాడుతో సీటు చట్రానికి కట్టే చిన్న సేఫ్ కొనండి. అది కూడా పార్కింగులో అందరూ చూస్తుండగా కాక, ఇంటి దగ్గరే పెట్టేసి బయలుదేరండి. దొంగ చూసేది మీరు డిక్కీ తెరిచి ఏదో సర్దే ఆ క్షణాన్నే. తుపాకీ కంపెనీ స్టిక్కర్లు బండి అద్దానికి అంటించుకున్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

రాయలసీమ_రైఫిల్
స్టిక్కరు పీకేశాను. పార్కింగులో ఆ పావుగంట నడక గురించి నా అభిప్రాయం మాత్రం మారలేదు.

బోర్డు_చదివినవాడు
ఒక చిన్న చేర్పు. కచేరీలో తాగి వచ్చి, సేఫ్ తెరిచి తుపాకీ నడుముకు పెట్టుకోవడం టెక్సస్‌లో వేరే నేరం. తాగే ఉద్దేశం ఉంటే ఆ రోజు కామేశ్వరి గారి పద్ధతే దారి.

ఫ్రిస్కో_గురికాడు
వచ్చే శనివారానికి ఇంట్లోనే వదిలి వెళ్ళి చూస్తాను, లాకర్ల కోసం మాత్రం నిర్వాహకులకు ఉత్తరం రాస్తాను. డాక్టరమ్మ గారూ, ఈసారి మా ఏడేళ్ళ పాప కూడా వస్తోంది. నా రేంజ్ ఎలక్ట్రానిక్ మఫ్స్ దానికి పెట్టవచ్చునా? నేను ఏం పెట్టుకోవాలి?

చెవుల_డాక్టరమ్మ
మీ ఎలక్ట్రానిక్ మఫ్స్ పాపకు పెద్దవి అవుతాయి, చెంప దగ్గర సందు ఉంటే రక్షణ సగం పోతుంది. పైగా అవి పేలుడు వచ్చినప్పుడు మూసుకుని, లేనప్పుడు మాటలను పెంచి వినిపించేలా చేసినవి. ఆగకుండా మోగే సంగీతంలో పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. పాపకు పిల్లల కొలతలో దొరికే మామూలు మఫ్స్ కొనండి, ఇంట్లో ఒక సాయంత్రం పెట్టి అలవాటు చేయండి, స్పీకర్లకు దూరంగా, వీలైతే సౌండ్ ఇంజినీరు బల్ల వెనుక కూర్చోండి. మీకు ఫోమ్ ప్లగ్స్ వద్దు. అవి పై శ్రుతులను ఎక్కువగా మింగేసి తాళాన్ని, తీగను మసక చేస్తాయి, అందుకే సంగీతప్రియులు విసుగొచ్చి తీసేస్తారు. సంగీతకారుల కోసం అన్ని స్థాయిలనూ సమంగా, పదిహేను ఇరవై డెసిబెళ్ళు తగ్గించే ప్లగ్స్ వస్తాయి, మొదటి పాటకు ముందే పెట్టుకోండి. ఆదివారం రేంజ్‌కు మాత్రం మళ్ళీ ఫోమ్ ప్లగ్స్, వాటి మీద మఫ్స్. ఆ రెండు జతలనూ ఒకే సంచిలో కలిపి పెట్టకండి, చీకట్లో తారుమారు అవుతాయి.